పురుగు చెప్పేది తన వయసే

(శవాల మీద చేరే ఈగల పెరుగుదల, నేర పరిశోధనలో దాని ఉపయోగం గురించి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక హామీ ఇస్తాను. ఈ స్లైడ్లలో మనిషి శవం ఫొటో ఒక్కటి కూడా లేదు. ఉన్నవన్నీ ఈగలు, పురుగులు, కొన్ని గ్రాఫులు. అవి కూడా చూడలేం అనుకునేవాళ్లు నిక్షేపంగా కళ్లు మూసుకుని వినొచ్చు. నిద్రపోతున్నారని నేనేమీ అనుకోను.

సీరియల్స్‌లో ఒక సీను తరచూ వస్తుంది. ఫోరెన్సిక్ నిపుణుడు పట్టకారుతో ఒక పురుగును పైకెత్తి, లైటు దగ్గర పెట్టి చూసి, "మంగళవారం రాత్రి 9 గంటలకు హత్య జరిగింది" అంటాడు. అలా చెప్పగలిగేవాళ్లు ఎవరూ లేరు. మనిషి ఎప్పుడు పోయాడో పురుగుకు తెలీదు. దాని ఒంట్లో రాసి ఉండేది దాని వయసు ఒక్కటే. ఈ శవం మీద ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్ద పురుగు ఎన్నాళ్ల కిందట గుడ్డుగా ఇక్కడికి చేరింది? మేం, అంటే నేర పరిశోధనలో పనిచేసే కీటక నిపుణులం, చెప్పగలిగేది అంతవరకే. దాన్ని మరణం తర్వాత గడిచిన కనీస కాలం అంటాం. ఆ "కనీస" అన్న మాటను గట్టిగా పట్టుకోండి. కోర్టులో గొడవలన్నీ అది జారిపోయినప్పుడే వస్తాయి.

ముందు ఈగల సంగతి. ఇళ్లలో తిరిగే బూడిదరంగు ఈగ గురించి కాదు నేను మాట్లాడేది. ఇవి కాలిఫోరిడే అనే కుటుంబానికి చెందిన బ్లోఫ్లైలు. ఒంటి మీద లోహపు మెరుపు ఉంటుంది. లూసీలియా సెరికాటా నిగనిగలాడే ఆకుపచ్చ. కాలిఫోరా విసినా ముదురు నీలం. వేడి ప్రాంతాల్లో క్రైసోమియా మెగాసెఫాలా ఎక్కువ. దాని మగ ఈగను చూస్తే తలంతా ఎర్రటి కళ్లే అనిపిస్తుంది. వీటికి ఇష్టాయిష్టాలు కూడా ఉన్నాయి. లూసీలియాకు ఎండ కావాలి, కాలిఫోరాకు నీడ, చల్లదనం కావాలి. అందుకే ఎండ పడే బయలు ప్రదేశంలో దొరికిన శవం మీద నీడ జాతి పురుగులే కనిపిస్తే, దాన్ని వేరే చోటి నుంచి తెచ్చి పడేశారేమో అన్న ప్రశ్న రావాలి. ప్రశ్న మాత్రమే. జవాబు కాదు.

ఆడ ఈగకు గుడ్లు తయారవ్వాలంటే మాంసకృత్తులు కావాలి, పెట్టిన గుడ్లు బతకాలంటే మెత్తటి తడి చోటు కావాలి. శరీరం కుళ్లడం మొదలైతే గంధకంతో కూడిన కొన్ని వాయువులు వెలువడతాయి. మన ముక్కుకు ఏమీ తెలియకముందే ఈగ వాటిని పసిగడుతుంది. పగలు, వెచ్చగా ఉన్నప్పుడు, ఆరుబయట అయితే నిమిషాల్లో వచ్చి వాలుతుంది. కళ్ల మూలలు, ముక్కు, నోరు, గాయాలు వెతుక్కుంటుంది. ఎందుకంటే అప్పుడే పొదిగిన పిల్లపురుగు మందపాటి చర్మాన్ని కొరకలేదు. దీంట్లో పరిశోధకులకు పనికొచ్చే కిటుకు ఉంది. అరచేతుల్లోనో ముంజేతుల మీదనో పురుగులు గుంపుగా ఉన్నాయనుకోండి. అక్కడ సహజంగా తడిచోటు లేదు. అంటే చర్మం తెగి ఉండొచ్చు. కత్తిని అడ్డుకోబోయి తగిలిన గాయమేమో పోస్ట్‌మార్టంలో జాగ్రత్తగా చూడాలి.

ఒక ఈగ ఒక విడతలో 200 దాకా గుడ్లు పెడుతుంది. తెల్లగా, ఒకటిన్నర మిల్లీమీటరు పొడవుతో, బియ్యపు నూకల్లా గుత్తులుగా ఉంటాయి. ఓ మాదిరి వెచ్చదనంలో ఒక రోజుకే పొదుగుతాయి. ఆ తర్వాత పురుగుకు మూడు దశలు. దశ మారేటప్పుడల్లా కుబుసం విడుస్తుంది. అది ఏ దశలో ఉందో తెలుసుకోవడం ఎలా?

ఇప్పుడు తెర మీద ఉన్నది పురుగు వెనక భాగం. అవును, వెనక భాగమే. ముందువైపు మొనదేలి ఉంటుంది, నోట్లో రెండు నల్లటి కొక్కేలు ఉంటాయి. ఆ మొన ఎప్పుడూ తిండిలో కూరుకుపోయి ఉంటుంది కాబట్టి ఊపిరి తీసుకునే పని ఎక్కువగా వెనకవైపుదే. మొద్దుగా నరికినట్టున్న చోట రెండు గోధుమరంగు మచ్చలు కనిపిస్తున్నాయా? అవి శ్వాసరంధ్రాలు. ఒక్కో మచ్చలో సన్నటి చీలికలు ఉంటాయి. రెండు చీలికలుంటే రెండో దశ. మూడుంటే మూడో దశ. మొదటి దశలో అవి విడివిడిగా తేలవు. మామూలు మైక్రోస్కోపు కింద నిమిషంలో తేలిపోయే పని ఇది. మొదటి దశ పురుగు రెండు మిల్లీమీటర్లు ఉంటే, మూడో దశ చివరికొచ్చేసరికి 15 దాటుతుంది.

అయితే పొడవు ఒక్కటే నమ్ముకుంటే మునిగిపోతాం. మూడో దశ పురుగు కడుపునిండా తిని గరిష్ఠ పొడవుకు చేరాక తిండి మానేస్తుంది. మానేశాక కుంచించుకుపోతుంది. కాబట్టి 12 మిల్లీమీటర్ల పురుగు నా చేతికొచ్చిందంటే, అది ఇంకా పెరుగుతూ 12కు చేరిందా, పెరగడం అయిపోయి తగ్గుతూ 12కు వచ్చిందా? రెండింటికీ మధ్య రోజుల తేడా ఉండొచ్చు. దీనికి ఒక గుర్తు ఉంది. తింటున్న పురుగు ముందు భాగంలో, పలుచటి చర్మం లోంచి ముదురు రంగు మరక కనిపిస్తుంది. అది తిండి దాచుకునే సంచి. తిండి మానేశాక అది రోజురోజుకీ చిన్నదై మాయమవుతుంది. సంచి నిండుగా ఉంటే ఎదుగుతున్న పురుగు, ఖాళీ అయితే తిండి అయిపోయిన పురుగు.

తిండి అయిపోయిన పురుగు అక్కడ ఉండదు. బయల్దేరి పోతుంది. మీటర్ల దూరం పాకుతుంది. నేల మెత్తగా ఉంటే కొన్ని సెంటీమీటర్ల లోతుకు దూరుతుంది. గదిలో అయితే తివాచీ కిందకో, గోడవారకో, బట్టల మడతల్లోకో చేరుతుంది. అక్కడ ప్యూపా అవుతుంది. తన చర్మమే బిగుసుకుని గుల్లగా మారుతుంది. మొదట తెల్లగా, కొన్ని గంటల్లో నారింజ రంగుకు, తర్వాత ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది. తెల్లటి ప్యూపా దొరికిందంటే అది అప్పుడే మొదలైందన్నమాట. అంత కచ్చితమైన గుర్తు దొరకడం అరుదు. ముదురు రంగు తిరిగాక పైనుంచి చూస్తే మొదటి రోజుదీ, ఐదో రోజుదీ ఒకేలా ఉంటాయి. లోపల కళ్లు, కాళ్లు, రోమాలు ఎంతవరకు ఏర్పడ్డాయో చూడాలంటే గుల్ల విప్పాలి, లేదా మైక్రో సీటీ స్కాన్ తీయాలి. గుడ్డు నుంచి రెక్కల దాకా పట్టే కాలంలో సగానికి దగ్గరగా ఈ గుల్లలోనే గడుస్తుంది. అందుకే ఇది మా రంగంలో ఇప్పటికీ కొరుకుడు పడని ముక్క. చివరికి ఈగ తన నుదుటి దగ్గరున్న ఒక సంచిని ఉబ్బించి, గుల్ల మూతను తోసుకుని బయటపడుతుంది. మొదట్లో రెక్కలు ముడతలు పడి, ఒళ్లు బూడిదరంగులో ఉంటుంది, ఎగరలేదు. గదిలో అలాంటి ఈగ నడుస్తూ కనిపిస్తే ఒక తరం అక్కడే పూర్తయిందని అర్థం.

శవం మీద ఉన్నవాటినే సీసాలో వేసుకుని వెళ్లిపోయే బృందాలకు ఇక్కడే దెబ్బ తగులుతుంది. అందరికంటే వయసైన పురుగు శవం దగ్గర ఉండదు. పక్కనున్న మట్టిలో ఉంటుంది.

చరిత్ర గురించి అడుగుతారు కాబట్టి త్వరగా చెప్పేస్తాను. 1247లో చైనా న్యాయాధికారి సాంగ్ సీ రాసిన గ్రంథంలో కొడవళ్ల కథ ఉంది. అందరి కొడవళ్లూ వరసగా పెట్టిస్తే ఒకదాని మీదే ఈగలు వాలాయి, దాని యజమాని నేరం ఒప్పుకున్నాడు. మంచి కథ, కానీ అందులో పెరుగుదల లెక్క లేదు, రక్తపు వాసన మాత్రమే ఉంది. 1668లో ఇటలీలో ఫ్రాంచెస్కో రెడీ జాడీలలో మాంసం పెట్టి, కొన్నిటికి గుడ్డ కప్పి, ఈగ వాలకపోతే పురుగు పుట్టదని చూపించాడు. అది లేకపోతే ఈ శాస్త్రమే లేదు. 1850లో ఫ్రాన్స్‌లో ఒక ఇల్లు బాగుచేస్తుంటే పొగగొట్టం వెనక ఎండిపోయిన పసిబిడ్డ శవం బయటపడింది. అప్పుడు ఆ ఇంట్లో ఉంటున్నవాళ్ల మీద అనుమానం పడింది. డాక్టర్ బెర్జెరే శవం మీది పురుగుల అవశేషాలు చూసి, ఇది 1848 నాటి సంగతి అన్నాడు. దాంతో అనుమానం అంతకుముందు అద్దెకున్నవాళ్ల వైపు మళ్లింది. ఆయన వాదనలో ఒక లోపం ఉంది. ఈ పురుగులకు ఏడాదికి ఒకటే తరం అనుకున్నాడు. వెచ్చటి రోజుల్లో ఏడాదిలో చాలా తరాలు వస్తాయి. అంటే ఆయన నిర్ణయం కంటే ఆయన అడిగిన ప్రశ్న గొప్పది. 1894లో మెన్యాఁ అనే ఫ్రెంచి పశువైద్యుడు శవం మీదకు పురుగులు ఎనిమిది విడతలుగా వస్తాయని రాశాడు. ఆ ఎనిమిది అన్నిచోట్లా వర్తించవు.

ఇక అసలు సంగతికి వద్దాం. వేడి.

ఈగ తన ఒంటి వేడిని తానే నిలబెట్టుకోలేదు. చుట్టూ ఎంత వెచ్చగా ఉంటే అంత త్వరగా పెరుగుతుంది. ఒక హద్దు కంటే చల్లబడితే పెరుగుదల ఆగిపోతుంది. ఆ హద్దు జాతిని బట్టి మారుతుంది. చలి జాతి అయిన కాలిఫోరా విసినాకు అది ఒకటి రెండు డిగ్రీల దగ్గర ఉంటుంది. లూసీలియా సెరికాటాకు ఎనిమిది తొమ్మిది డిగ్రీలు. పైన కూడా హద్దు ఉంది. 35 డిగ్రీలు దాటాక పెరుగుదల కుంటుపడుతుంది, ఇంకా పెరిగితే చచ్చిపోతాయి. ఈ రెండింటి మధ్యలో, కింది హద్దు కంటే ఎక్కువున్న ప్రతి డిగ్రీ, ప్రతి గంట, బ్యాంకు ఖాతాలో జమ అయినట్టు పురుగు ఖాతాలో జమ అవుతుంది. వాటిని డిగ్రీ గంటలు అంటాం. ఫలానా జాతి ఫలానా దశకు రావడానికి ఇన్ని డిగ్రీ గంటలు కావాలని ల్యాబ్‌లో పెంచి ముందే తెలుసుకుంటాం.

ఒక లెక్క చేద్దాం. అంకెలు సులువుగా ఉండటానికి నేను కల్పించినవి. కింది హద్దు 10 డిగ్రీలు, మన పురుగు ఇప్పుడున్న దశకు రావడానికి 3,600 డిగ్రీ గంటలు కావాలి అనుకుందాం. వాతావరణం 25 డిగ్రీలు ఉంటే గంటకు 15 జమ. 240 గంటలు, అంటే 10 రోజులు. అదే 20 డిగ్రీలయితే గంటకు 10 మాత్రమే. 360 గంటలు, 15 రోజులు. ఐదు డిగ్రీల తేడాకు ఐదు రోజులు మారాయి. పురుగు అదే, దశ అదే. నిందితుడు ఆ రోజుల్లో ఊళ్లో ఉన్నాడా లేడా అన్నది ఈ ఐదు డిగ్రీల మీద ఆధారపడొచ్చు. ఇక మూడో దశ పురుగులు వందలు, వేలుగా ఒకచోట గుమిగూడితే వాటి కదలికకే వేడి పుడుతుంది. బయటి కంటే 10, 20 డిగ్రీలు ఎక్కువ ఉండటం మామూలే. ఆ గుంపులో 35 డిగ్రీలు ఉందనుకోండి, గంటకు 25 జమ. 144 గంటలు, ఆరు రోజులు. ఆరు, పది, పదిహేను. మూడింటిలో ఏది? అందుకే పురుగు సీసాలో పెట్టి పంపి "వయసు చెప్పండి" అంటే నేను మొదట అడిగేది థర్మామీటర్ సంగతి.

సంఘటన జరిగిన చోట ఆ రోజుల్లో ఎవరూ థర్మామీటర్ పెట్టి ఉండరు. దగ్గర్లోని వాతావరణ కేంద్రం రికార్డులే దిక్కు. ఆ కేంద్రం బయలులో ఉంటుంది, శవం చెట్ల కింద గుంటలో దొరికి ఉంటుంది. కాబట్టి శవం తీసేశాక ఆ చోట ఒక డేటా లాగర్, అంటే ఉష్ణోగ్రతను తనంతట తానే నమోదు చేసే పరికరం, పెట్టి కొన్ని రోజులు గంటగంటకీ కొలుస్తాం. అవే రోజులకు వాతావరణ కేంద్రం అంకెలతో పోల్చి, రెండింటి మధ్య సంబంధం కట్టి, దాంతో వెనక రోజుల ఉష్ణోగ్రతలు సరిచేసుకుంటాం. చూడటానికి చాలా విసుగు పని. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అంతకంటే ముఖ్యమైన పని లేదు.

సరే, వయసు తేలింది. ఇప్పుడు మరణానికీ మొదటి గుడ్డుకూ మధ్య ఎంత ఖాళీ ఉంది? ఇక్కడ మా చేతిలో ఉన్న సాక్ష్యం పలుచబడుతుంది. రాత్రిపూట ఈగలు సాధారణంగా గుడ్లు పెట్టవు. దీపాల వెలుగులో, వెచ్చటి రాత్రుల్లో పెట్టిన సందర్భాలు ప్రయోగాల్లో ఉన్నాయి కాబట్టి "ఎప్పుడూ పెట్టవు" అనను. వాన పడుతుంటే ఎగరవు. చలి ఎక్కువగా ఉంటే రావు. మూసిన గది, సూట్‌కేసు, పూడ్చిన గొయ్యి, కారు డిక్కీ, వీటన్నిటిలో ఆలస్యం అవుతుంది. ఎంత ఆలస్యం అన్నది ఊహతో చెప్పకూడదు.

హవాయిలో లీ గాఫ్ అనే శాస్త్రవేత్త ఎదుర్కొన్న కేసు దీనికి మంచి ఉదాహరణ. దుప్పట్లలో గట్టిగా చుట్టిన ఒక మహిళ శవం దొరికింది. పురుగుల వయసు పదిన్నర రోజులని తేలింది. కానీ ఈగ ఆ దుప్పట్లలోకి దూరడానికి ఎంత పట్టింది? ఆయన ఒక పందిని అలాగే దుప్పట్లలో చుట్టి, తన పెరట్లో పెట్టి, చూస్తూ కూర్చున్నాడు. ఈగలు లోపలికి చేరడానికి రెండున్నర రోజులు పట్టింది. పదిన్నరకు రెండున్నర కలిపితే 13. ఆమెను చివరిసారి చూసిన రోజుతో అది సరిపోయింది. ఇరుగుపొరుగువాళ్లు ఏమనుకున్నారో నాకు తెలీదు గానీ, నిజాయితీగా పనిచేయడం అంటే నాకు అదే. (నవ్వులు)

దీనికి వ్యతిరేక దిశలో ఒక కేసు. 2002లో అమెరికాలోని శాన్ డియాగోలో ఒక పాప ఫిబ్రవరి మొదట్లో మాయమై, నెలాఖరున శవమై దొరికింది. అనుమానితుడు ఫిబ్రవరి మొదటి వారం నుంచే పోలీసుల నిఘాలో ఉన్నాడు. పురుగుల వయసును బట్టి ఈగలు చేరింది ఫిబ్రవరి మధ్యలో అని కొందరు కీటక నిపుణులు చెప్పారు. అదే నిజమైన మరణ సమయమైతే అతను నేరం చేసి ఉండలేడు. డిఫెన్స్ దాన్నే పట్టుకుంది. ప్రాసిక్యూషన్ ఏమందంటే, ఎండకు, పొడిగాలికి శరీరం త్వరగా ఎండిపోయి ఈగలకు ఆకర్షణ తగ్గింది, అందుకే ఆలస్యంగా చేరాయి అంది. నిపుణుల మధ్య రోజుల్లో తేడాలు వచ్చాయి. జ్యూరీ మిగతా సాక్ష్యాలతో కలిపి చూసి అతన్ని దోషి అంది. చాలామంది దీన్ని మా శాస్త్రం ఓడిపోయిన కేసుగా చెబుతారు. నేను ఒప్పుకోను. పురుగు వయసు మీద పెద్ద తగాదా లేదు. తగాదా అంతా ఆ వయసుకు ముందున్న ఖాళీ మీద. "కనీస" అన్న మాటను "సరిగ్గా" అని చదివితే జరిగేది అదే.

బ్రిటన్ కేసుల్లో రెండు చెప్పుకోవాలి. 1935 సెప్టెంబరు 29న స్కాట్లాండ్‌లోని మాఫట్ దగ్గర వంతెన కింద ముక్కలుగా నరికిన శరీర భాగాలు దొరికాయి. గ్లాస్గోకు చెందిన డాక్టర్ అలెగ్జాండర్ మెర్న్స్ వాటి మీది కాలిఫోరా పురుగులను చూసి 12 నుంచి 14 రోజుల వయసు అన్నారు. లాంకాస్టర్‌లో డాక్టర్ బక్ రక్స్‌టన్ భార్య, వాళ్ల ఇంట్లో పనిచేసే అమ్మాయి సెప్టెంబరు మధ్యలో కనబడకుండా పోయారు. అంకె అతికింది. రక్స్‌టన్‌కు ఉరిశిక్ష పడింది. అందులో వేలిముద్రలు, పుర్రె ఫొటో పోలికలు, మూటకు చుట్టిన వార్తాపత్రిక, ఇలా చాలా సాక్ష్యాలున్నాయి. పురుగులు వాటిలో ఒకటి. అలా ఒకటిగా ఉండటమే వాటికి సరైన చోటు.

రెండోది 1964 జూన్ 28. బ్రాక్‌నెల్ దగ్గర అడవిలో ఇద్దరు కుర్రాళ్లు చేపల ఎరకు పురుగులు వెతుక్కుంటూ వెళ్లారు. దొరికాయి, కానీ వాటి కింద మనిషి శవం ఉంది. శరీరం పాడైపోయిన తీరు చూస్తే వారాలు గడిచినట్టు అనిపించింది. పాథాలజిస్టు కీత్ సింప్సన్ పురుగులు చూశారు. బాగా ఎదిగిన మూడో దశవి, కానీ ప్యూపా ఒక్కటీ లేదు. కనీసం 9, 10 రోజులు, బహుశా 12కు మించదు అన్నారు. జూన్ 16న మాయమైన ఒక మనిషితో అది కలిసింది. విచారణలో, ఆ తేదీ తర్వాత అతన్ని సజీవంగా చూశామని సాక్షులు వచ్చారు. డిఫెన్స్ తరఫున వచ్చిన కీటక శాస్త్రవేత్త కూడా సింప్సన్ లెక్కను కొట్టిపారేయలేకపోయారు. కుళ్లిన తీరు ఒకటి చెబితే పురుగులు ఇంకొకటి చెప్పాయి. లేని ప్యూపా కూడా సాక్ష్యమే అని నా విద్యార్థులకు ఈ కేసుతోనే చెబుతాను.

పోలీసు శాఖ నుంచి వచ్చినవాళ్లు వెనక కూర్చున్నారు కాబట్టి సేకరణ గురించి కొంచెం కరాఖండిగా చెబుతాను. పురుగులను రెండు వాటాలు చేయండి. ఒక వాటాను మరిగిన వేడినీళ్లలో క్షణాలపాటు ముంచి చంపి, ఆ తర్వాత 80 శాతం ఆల్కహాల్‌లో వేయండి. బతికున్నవాటిని నేరుగా ఆల్కహాల్‌లో వేస్తే ముడుచుకుపోతాయి, నల్లబడతాయి. ముడుచుకున్న పురుగు కుర్రదానిలా కనిపిస్తుంది, లెక్క తగ్గిపోతుంది. రెండో వాటాను ప్రాణాలతో, గాలి ఆడే డబ్బాలో, తిండితో పంపండి. మేం ఈగలయ్యేదాకా పెంచుతాం. పిల్లపురుగును చూసి జాతి చెప్పడం కష్టం, ఈగను చూస్తే సులువు. పెంచడం కుదరకపోతే మైటోకాండ్రియా డీఎన్‌ఏతో జాతి తేల్చొచ్చు. జాతి తప్పయితే పైన చేసిన లెక్కంతా తప్పే. పెద్దవాటిని ఏరి తీసుకోండి, కొంచెం చిన్నవి కూడా. మట్టి తవ్వండి. గుంపు మధ్యలో వేడి కొలవండి. శవాన్ని మార్చురీ ఫ్రిజ్‌లో ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు తీశారు, గంటలతో సహా రాయండి. ఫ్రిజ్‌లో పెరుగుదల నెమ్మదిస్తుంది, కానీ పెద్ద గుంపు ఉంటే లోపల వేడి ఉండనే ఉంటుంది.

పురుగులను తినే పురుగు ఒకటి ఉందని కూడా గుర్తుంచుకోండి. క్రైసోమియా రూఫిఫేసిస్. ఒంటి మీద ముళ్లలాంటి పొడుచుకొచ్చిన కండలు ఉంటాయి, పట్టుకుంటే తెలిసిపోతుంది. రెండో దశ నుంచి పక్క జాతుల పురుగులను చుట్టేసి చీల్చి తినగలదు. ఇది తరచుగా ఆలస్యంగా వచ్చే జాతి. ముందొచ్చిన పురుగులను ఇది ఖాళీ చేసేస్తే, మీకు మిగిలేది వెనకొచ్చినవే. వయసు తక్కువ తేలుతుంది. ఇక సార్కోఫాజిడే కుటుంబం ఈగలు గుడ్డు పెట్టవు, నేరుగా పిల్లపురుగునే వదులుతాయి. వాటిని బ్లోఫ్లై అని పొరబడితే గుడ్డు దశకు లేని గంటలు కలిపేస్తాం.

ఒక చిన్న పక్కమాట. ఈగలు రక్తం తాగి, ఎగిరి, గోడ మీద కక్కుతాయి. ఆ చుక్కలు రక్తపు చింది మచ్చల్లా ఉంటాయి, ప్రాథమిక పరీక్షలో రక్తమనే వస్తాయి. పక్క గదిలో ఎవరూ కొట్టుకోకపోయినా అక్కడ పోరాటం జరిగినట్టు కనిపిస్తుంది.

బతికున్నవాళ్ల సంగతి కూడా ఉంది. మంచం పట్టిన వృద్ధుల పుండ్లలో పురుగులు దొరికినప్పుడు, వాటి వయసు ఎన్నాళ్లుగా ఎవరూ కట్టు విప్పి చూడలేదో చెబుతుంది. నిర్లక్ష్యం కేసుల్లో అది బలమైన సాక్ష్యం. అదే మనిషి ఆ తర్వాత చనిపోతే మాత్రం లెక్క తిరగబడుతుంది. పురుగు వయసు మరణం కంటే ఎక్కువ ఉంటుంది. నేను ఇందాకటి నుంచి జపిస్తున్న "కనీస" కూడా అక్కడ చెల్లదు. పుండు ముందునుంచే ఉందా అని కుటుంబాన్ని, ఆస్పత్రి రికార్డును అడగకుండా రిపోర్టు మీద సంతకం పెట్టకూడదు.

సమయం అయిపోవచ్చింది. ప్రశ్నలు తీసుకుంటాను.

ప్రశ్న: మేడమ్, విషం తాగి చనిపోయినవాళ్ల మీద పురుగులు బతుకుతాయా?

జవాబు: విషాన్ని బట్టి ఉంటుందండీ. మలాథియాన్ లాంటి పురుగుమందు తాగితే ఈగలు చేరడమే ఆలస్యం కావచ్చు. కొకెయిన్ ఉంటే కొన్ని జాతుల పురుగులు మామూలు కంటే త్వరగా పెరిగాయి. ఈ రెండూ గాఫ్ బృందం ప్రచురించినవే. అంటే మందు లెక్కను రెండు వైపులా లాగుతుంది. ఇందులో ఒక లాభం కూడా ఉంది. పరీక్షకు రక్తం, కాలేయం మిగలనంతగా శరీరం పాడైనప్పుడు, పురుగులనే నూరి మందు జాడ పట్టొచ్చు. 1980 నుంచే దీని మీద ప్రచురణలు ఉన్నాయి. మందు ఉందని చెప్పొచ్చు. మనిషి ఎంత మోతాదు తీసుకున్నాడో పురుగును బట్టి చెప్పలేం.

ప్రశ్న: శవం తీసేశారు, పురుగులు మాత్రం మిగిలాయి. అప్పుడు ఏం చేయగలం?

జవాబు: మంచి ప్రశ్న. ఇందాక చూపించిన తిండి సంచి గుర్తుందా? అందులో ఉన్నది ఎవరి కణజాలమో డీఎన్‌ఏ తీయొచ్చు. మనిషిదా జంతువుదా, ఏ మనిషిది అన్నది కూడా తేలే అవకాశం ఉంది. పురుగు తిండి మానేసి సంచి ఖాళీ అయ్యాక మాత్రం కష్టం. కాబట్టి అలాంటి చోట దొరికిన పురుగులను వెంటనే చంపి భద్రపరచాలి, ఆకలితో ఉంచకూడదు.

ప్రశ్న: చలికాలంలో ఈ లెక్క పనిచేస్తుందా?

జవాబు: జాగ్రత్తగా పనిచేయించాలి. శరదృతువులో పగటి వేళ తగ్గిపోతుంటే కాలిఫోరా విసినా పిల్లలు కొన్ని తిండి అయిపోయాక ప్యూపా కాకుండా ఆగిపోతాయి. నెలల తరబడి అలాగే ఉంటాయి. ఆ సమయంలో డిగ్రీ గంటలు జమ కావు. ఆగిపోయిన పురుగును మామూలు పురుగు అనుకుంటే నెలలు తేడా వస్తాయి. తేదీ, అక్షాంశం, పగటి నిడివి చూసుకోవాలి.

ప్రశ్న: ఎముకలే మిగిలితే?

జవాబు: ఖాళీ ప్యూపా గుల్లలు దొరకొచ్చు. అవి ఏళ్ల తరబడి చెడిపోవు. ఈజిప్టు మమ్మీల దగ్గర కూడా దొరికాయి. గుల్లను బట్టి జాతి చెప్పగలం. ఆ జాతి అక్కడి వాతావరణంలో గుడ్డు నుంచి ఈగ కావడానికి పట్టే కాలం కంటే ఎక్కువ గడిచిందనీ చెప్పగలం. ఎంత ఎక్కువ అని లాయర్లు తప్పకుండా అడుగుతారు. గుల్ల మీది మైనపు పూత కాలంతో ఎలా మారుతుందో రసాయన శాస్త్రజ్ఞులు కొలుస్తున్నారు. ఆసక్తికరమైన పనే, కానీ ఈరోజు నా రిపోర్టులో దాని మీద ఆధారపడి తేదీ రాయను. గడిచిన కాలానికి కింది హద్దు రాసి, పై హద్దు దగ్గర ఖాళీ వదిలేసి, ఫైలును ఎముకలు చూసేవాళ్లకు పంపిస్తాను.